నాలుగో ఎత్తులో రాజు దూకాడు

సాకేత్, ఢిల్లీ
నవంబరు నెల

ప్రియమైన మేరీ అక్కకు,

తమ్ముడు జోసెఫ్ వందనాలు. దేవుని దయ వల్ల ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, బావ, పాప కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ చలి మొదలైంది. మెట్రో కోసం రోడ్లన్నీ తవ్వేశారు, ఆస్పత్రికి నడిచే వెళ్తున్నాను. రొట్టెలు తింటున్నాను, చిక్కలేదు, బెంగ పెట్టుకోకు. ఎస్టీడీ బూత్ నుంచి చెబితే నీ మీద అరుస్తానేమోనని ఇలా రాస్తున్నాను.

అక్కా, క్రిస్మస్‌కి రావడం లేదు.

మా ఆస్పత్రి స్టాఫ్ చెస్ టోర్నమెంటులో గెలిస్తే టీమ్‌తో పాటు విజయవాడ పోటీలకు తీసుకొస్తారని రాశాను కదా. ఆఖరి ఆట అకౌంట్స్ గుప్తాజీతో పడింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీవాడు ఇక్కడిదాకా ఎలా వచ్చాడన్నట్టు చూశాడు. ఒళ్లు మండింది. దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం చూసి నేర్చుకున్న ఓపెనింగే ఆడాను. నావి తెల్లపావులు. రాజు ముందు బంటు రెండు గళ్లు. అతను సిసిలియన్ అనే ఎదురుఎత్తు ఎత్తుకున్నాడు. గుర్రాలు బయటికొచ్చాయి. మూడో ఎత్తులో, రాజు వైపు గుర్రం వదిలిన గడి ముందున్న బంటును ఒక గడి జరిపాను. దాని వెనక ఖాళీ అయిన గడిలోకి శకటు రావాలి. పుస్తకంలో అదే ఉంది. నా చేయి మాత్రం రాజును పట్టుకుని గుర్రంలా దూకించి అక్కడ పెట్టింది. గడియారం కూడా నొక్కేశాను.

మన ఇంటి ఆటలో చెక్ పడకముందు రాజు ఒక్కసారి అలా దూకొచ్చు. టోర్నమెంటులో ఆ రూలు లేదు. తెలుసు! రెండేళ్లుగా తెలుసు!

“అరే భయ్యా, రాజు ఘోడా ఎప్పుడయ్యాడు?” అని గుప్తాజీ పగలబడి నవ్వాడు.

రిఫరీ రాజును వెనక్కి పెట్టించి, “ముట్టుకున్నావుగా, రాజునే కదపాలి” అన్నాడు. వెళ్లడానికి ఒకటే గడి, మంత్రికి అడ్డంగా, నట్టనడుమ. అక్కడ నిలబెట్టి గుప్తాజీ నా రాజును పొడిచి చంపాడు.

“ఎవరయ్యా నీకు నేర్పింది?” అన్నాడు.

“మా అక్క. నీకేం?” అని లేచొచ్చేశాను.

వారం రోజులు నిన్నే తిట్టుకున్నాను. దాచను. ఆదివారం చర్చిలో కూర్చున్నా అదే గోల. అప్పుడు మన గచ్చు గుర్తొచ్చింది. అమ్మ డ్యూటీకి వెళ్లగానే సుద్దముక్కతో గళ్లు గీసేదానివి. మందుసీసా మూతలే పావులు. నాకు చెక్ చెప్పబోతూ చేయి ఆపేసి, “దూకరా జోసీ, ఇంకా చెప్పలేదుగా” అనేదానివి. నన్ను ఓడించాల్సినదానివి నువ్వే, తప్పించేదానివీ నువ్వే!

ఆ నాలుగో ఎత్తు దగ్గర ఎదురుగా గుప్తాజీ ఉన్నాడని నా చేతికి తెలియలేదక్కా. నువ్వే ఉన్నావనుకుంది.

ఈస్టర్‌కి సెలవు అడిగాను. ఇవ్వనంటే మళ్లీ అడుగుతాను. వీలైతే కాస్త కందిపొడి పంపు. బావకు, అత్తమ్మగారికి నా వందనాలు చెప్పు. పాపకు ముద్దులు. ప్రార్థనలో నా పేరు తలుచుకో.

నీ తమ్ముడు,
జోసెఫ్