ఇంద్రావతి ఈదిన లాస్యకు

కిరండూల్,
ఫిబ్రవరి 12, 2026

చిరంజీవి లాస్యకు,

గని క్వార్టర్స్ నుంచి నీ ఏకైక అన్నయ్య, బీఎస్సీ పట్టభద్రుడు, ప్రస్తుతం ఖాళీగా ఉన్న కిషోర్ దీవెనలతో రాయునది. ఇక్కడ మన కుళాయి తప్ప అందరూ క్షేమం.

ముందుగా సాష్టాంగ క్షమాపణ. కాలేజీకి పంపిన నీ వ్యాసంలో నిన్ను వరదలో ఇంద్రావతి ఈదించినందుకు, ఎలుగుబంటిని కంటిచూపుతో వెనక్కి నడిపించినందుకు, డిక్షనరీలో దుమ్ముపట్టిన ఇంగ్లీషు మాటలన్నీ దులిపి అందులో పోసినందుకు, ఈ పాపి తల వంచుకుని నిలబడ్డాడు. శిక్ష నువ్వే వెయ్యి. కాకపోతే ఉత్తరం ఆఖరిదాకా చదివాకే వెయ్యి.

ఆదివారం మీ కోచింగ్ హాస్టల్ వార్డెన్ ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ ఇంటర్వ్యూకి నేను వెళ్లను, నువ్వు రాసినదానికి నేనేం జవాబు చెప్పేది అన్నయ్యా, అని పెట్టేశావు. నాన్న నా భుజం మీద గడ్డం ఆనించినంత దగ్గరగా ఉన్నాడు. ఏటంటందిరా అని అడిగితే, సబ్బులైపోయాయట అన్నాను. మీ దగ్గర ఫోన్లు లాక్కుంటారు కాబట్టి ఈ ఉత్తరం సారపప్పు పొట్లంలో దాక్కుని, యేసుపాదం మామతో విశాఖ రైలెక్కింది.

నాన్న సంగతి తెలుసు కదా. పరీక్ష స్కోరు ఇష్టమైతేనే పంపండి, లేకపోతే వ్యాసం, మీ సార్ మాట, ఇంటర్వ్యూ చాలు అని ఆ కాలేజీవాళ్లు ఎంత మర్యాదగా రాసినా, గనిలో షవెల్ యంత్రం నడిపి నడిపి ముదిరిన అప్పలకొండగారు నమ్ముతారా? ‘ఒరే, ఆఫీసు కాయితంలో ఇష్టవైతే అని ఉంటే కంపల్సరీ అని అర్దం. మార్కులు సూపకుండా సీటెవుడిత్తాడు? పంపేయ్’ అని నా కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. పిలుపు రాగానే, మార్కులు చూసే పిలిచారని వీధంతా చెప్పొచ్చాడు.

ఆ మార్కులేవిటో మనకి తెలుసు. హాల్లో గంట కొట్టగానే నీ చెయ్యి కొయ్యబారిపోతుంది. ఈ సీటు జారిపోతే మేలో మళ్లీ అదే హాలు, అదే గంట. నవ్వించాలని కూర్చున్నాను గానీ, ఈ ముక్క మాత్రం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

మీ స్కూలు దేవేంద్ర సార్ నీ గురించి రాసిచ్చిన సిఫారసు విను. ‘ఈ విద్యార్థినిపై ఏ కేసూ లేదు, ఏ సంస్థతోనూ సంబంధం లేదు, నడవడి సంతృప్తికరం.’ సార్, ఇది ఠాణాకి కాదు, కాలేజీకి అని కాళ్లావేళ్లా పడ్డాను. ‘అరే భాయ్, ఈ జిల్లాలో ఒకళ్ల గురించి ఇంతకన్నా బడీ బాత్ ఇంకేం రాయాలి?’ అన్నారు. ఇన్నేళ్లుగా ఆయన్ని అందరూ అడిగింది, నక్సలైట్లతో సంబంధం లేదనే అలాంటి కాగితమే మరి. పాపం, తనే మళ్లీ కాగితం లాక్కుని కింద ఒక వాక్యం కలిపారు: ‘ఆస్పత్రిలో లాస్య లేని రోజు గోండీ పేషెంట్లు డాక్టర్‌కి ఏం చెప్పకుండానే వెళ్లిపోతారు.’

ఇంటర్వ్యూ మంగళవారం పొద్దున్న, వీడియోలో. మామ వార్డెన్‌ని అడిగి నిన్ను తన ఇంటికి తీసుకెళ్తాడు. నీ వ్యాసంలోని పేషెంటు హుంగే గురించి ఇంకా వినాలని ఉందని కాలేజీవాళ్లు ముందే రాశారు. ఇంద్రావతి గురించి ఒక్క ముక్కైనా అడగలేదు, గమనించావా? ఓపీ గది బల్లమీద కూర్చుని గోండీ పేషెంట్ల బాధ తెలుగు డాక్టర్‌కి చెప్పింది నువ్వు. నేనప్పుడు జగ్దల్‌పూర్‌లో డిగ్రీ పేరుతో సమోసాలు తింటున్నాను. హుంగే మొహం చూసింది నువ్వు. వెళ్లవే, నా తల్లీ.

ఇట్లు,
శిక్షకై ఎదురుచూసే
నీ అన్నయ్య కిషోర్

తా.క.: ఇంద్రావతి అబద్ధం, అది నీ వ్యాసంలో లేనేలేదు. ఎలుగుబంటి కూడా. మొత్తం మార్చాకే పంపాలని నాచేత ఒట్టు వేయించుకుని వెళ్లావు కదా, మార్చడానికే కూర్చున్నాను. ‘భర్త మాడ పక్కనుంటే హుంగే ఏం లేదంది. నేనూ ఏం లేదట అని డాక్టర్‌కి చెప్పేశాను. ఆమె మందుల కిటికీ దాకా వెళ్లాక చూశాను, చెయ్యి ఇంకా కడుపు మీదే ఉంది. మాడని బయట కూర్చోబెట్టి ఆమెని వెనక్కి పిలిచాను’ అని రాశావే, అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. నీ గతుకుల ఇంగ్లీషుతో సహా అలాగే వెళ్లింది. వాళ్లు పిలిచింది నిన్నే.

నేను చేసిందల్లా ఒక్కటే. నాన్న టీ కోసం వంటింట్లోకి వెళ్లినప్పుడు, స్కోరు పంపాలా అని అడిగినచోట ‘వద్దు’ నొక్కాను. ఆయనకింకా తెలీదు.