పాకే పిల్లకి బూట్లు

అక్టోబర్ 7, లంచ్ టైమ్

మళ్ళీ కొన్నాను. ఈసారి బూట్లు, లేసులతో సహా. పాపకి ఎనిమిదో నెల. ఇంకా పాకుతోంది, నిలబడటమే రాదు. అయినా ఆ బుజ్జి లేసులు చూశాక మనసు ఆగితేగా! లీవ్ అయిపోయి డ్యూటీలో చేరినప్పటి నుంచీ ఇదే వరస. అయిదు నిమిషాల్లో టిఫిన్ బాక్స్ ఖాళీ చేసి, మిగతా టైమంతా ఆఫీసు ఎదుటి పిల్లల బట్టల షాపులో. రోజు మొత్తంలో నేను నవ్వేది అక్కడే.

అక్టోబర్ 10

ఇంటికెళ్తే అదే బనీను. అత్తయ్య తన పాత చీర చింపి కుట్టింది. డెనిమ్ జాకెట్, ఫ్రిల్లుల గౌను, బూట్లు, అన్నీ ట్యాగులతో సహా బీరువాలో మగ్గుతున్నాయి. అవి పాపకి ఒరుసుకుంటాయట. మా ఆయన్ని అడిగితే, మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగొద్దన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

అక్టోబర్ 12, ఆదివారం

నేనే జాకెట్ వేయబోయాను. ఒక చెయ్యి దూర్చేసరికి పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. అత్తయ్య ఎత్తుకోగానే టక్కున ఆపేసింది.

అక్టోబర్ 13

నాకూ పంతమే. జాకెట్ వాపస్ ఇచ్చేస్తా.

అక్టోబర్ 15, మధ్యాహ్నం

షాపమ్మాయి జాకెట్ జేబులో చెయ్యి పెట్టి నానిన బిస్కెట్ ముక్క తీసింది. ట్యాగు కూడా తెగితే మళ్ళీ దారంతో కుట్టారట. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం

అడిగాను. అత్తయ్య దాచలేదు. రోజూ పదకొండింటికి పాపకి ఒక్కో జత వేసి, మా అపార్ట్‌మెంట్‌లో అన్ని అంతస్తులకీ తిప్పి చూపిస్తుందట. నేను వచ్చేలోగా తుడిచి, ఇస్త్రీ చేసి, ట్యాగు కుట్టి బీరువాలో పెట్టేస్తుంది. నాకు తెలిస్తే నవ్వుతానని భయమట. తన పిల్లలకి ఇలాంటివి కొనే యోగం లేదంది. తిట్టడానికి నోరు రాలేదు. కానీ కొనేది నేనూ, మురిసిపోయేది ఆవిడా?

అక్టోబర్ 16, పదకొండున్నర

తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను. మెట్ల మీదే కనిపించారు. గౌనులో పాప, పక్కింటావిడకి రెండు పళ్ళూ చూపిస్తోంది. ఎంత బాగుందో! చేతులు చాచాను. పాప నా మొహం చూసి అత్తయ్య మెడలో తల దాచేసుకుంది.

"ఈ టైములో నువ్వెప్పుడూ ఉండవు కదమ్మా, కొత్త చేస్తోంది," అంది అత్తయ్య.

నా కూతురు నా దగ్గర కొత్త చేసింది. బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను.

అక్టోబర్ 17

లీవ్ ఫారంలో కారణం 'జ్వరం' అని రాసి కొట్టేశాను. కింద 'పాపకి గౌను వేయాలి' అని రాసిచ్చాను. మేనేజర్ రెండుసార్లు చదివాడు. నేను కదల్లేదు.