రికార్డు ప్రకారం మీరు రైల్లోనే ఉన్నారు

రైలు కార్డుల ఆఫీసులో ఫిర్యాదులు చూసే పెద్దమనిషికి,

నమస్కారం. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే మెకానిక్‌ని. పోయిన సోమవారం డాక్టరుగారి క్లినిక్‌లో ఒక పేషెంటు నోటి అచ్చు తీసుకుని మీ రైలెక్కాను. పచ్చి అచ్చు, కాస్త ఒరిగినా పాడైపోతుంది. అందుకని పళ్ళెంలో పెట్టి రెండు చేతులా పట్టుకున్నాను. దిగాక కార్డు తాకించడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. ఒక తల్లి పిల్లల బండి తోసుకొస్తే మీవాళ్ళు పక్క గేటు తెరిచారు. ఆమె వెనకే నేనూ బయటపడ్డాను.

అప్పట్నుంచి నా కార్డు పెడితే మీ గేటు తెరుచుకోవడం లేదు. కార్డు లేకుండా మీ రైలెక్కనివ్వరు, క్లినిక్‌కి వెళ్ళడానికి నాకు వేరే దారీ లేదు. వచ్చే శుక్రవారంలోగా ఆ పళ్ళు క్లినిక్‌లో నా చేత్తో సరిచేసి ఇవ్వకపోతే డాక్టరు ఇక నాకు పని ఇవ్వనన్నాడు. నాకు ఆయన తప్ప వేరే ఆధారం లేదు.

ఇట్లు,
పళ్ళ మెకానిక్

తా.క.: పళ్ళెం మీద గుడ్డ కప్పి ఉంటే ఎవరో పెద్దాఫీసరు భోజనమనుకుని మీ గార్డు సెల్యూట్ కొట్టాడు.

*

ఆర్యా,

మా రికార్డు ప్రకారం మీరు సోమవారం 10.12కి లోపలికి వెళ్ళారు. బయటికి రాలేదు. కనుక ఇంకా రైల్లోనే ఉన్నారు. ముందు బయటికి వచ్చి, తర్వాత ఫిర్యాదు చేయగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: రైల్లో ఉన్న మీరు ఉత్తరం పోస్టులో ఎలా వేశారో సంజాయిషీ ఇవ్వగలరు.

*

మహానుభావా,

నేను మా ఇంట్లో ముక్కాలిపీట మీద కూర్చుని రాస్తున్నాను. మీ జవాబు మా ఆవిడ చదివింది. "ఆఫీసువాళ్ళు అబద్ధం రాస్తారా? రైలు దిగాక తిందురు గాని" అని నాకు కంచం పెట్టడం మానేసింది.

బయటికి రావాలంటే లోపల కార్డు తాకించాలట. లోపలికి వెళ్ళాలంటే ముందు బయటికి రావాలట. పోనీ కొత్త కార్డు ఇమ్మంటే, లోపలున్న మనిషికి బయట కార్డు ఇవ్వరట! పళ్ళు తయారైపోయాయి. సీసాలోంచి నన్ను చూసి ఇకిలిస్తున్నాయి. ఆ పేషెంటు శుక్రవారం సభలో మాట్లాడాలట, పాపం. నా పొట్ట కొట్టకండి.

ఇట్లు,
బయటే ఉన్న మెకానిక్

తా.క.: నమ్మకపోతే వచ్చి గిల్లి చూసుకోండి.

*

ఆర్యా,

రైల్లో ముక్కాలిపీట వేయడం, వ్యాపారం చేయడం, కాపురం పెట్టడం నిషిద్ధం. మీ సతీమణి కూడా లోపలే ఉన్నట్లు తెలుస్తోంది. ఆమె కార్డు నంబరు పంపగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: మీ పేషెంటు ఉపన్యాసం మా శాఖ పరిధిలోకి రాదు.

*

అయ్యా,

మీకో దండం. ఆలస్యం నా తప్పు కాదని నమ్మించడానికి మీ ఉత్తరాలు రెండూ డాక్టరుగారికి పంపించాను. ఇక నా బతుకు ఆయన దయ.

ఇట్లు,
మీరెక్కడ ఉన్నానంటే అక్కడే ఉన్న మెకానిక్

తా.క.: మా ఆవిడకి అసలు కార్డే లేదు. మీ లెక్కన ఆవిడ ఇంకా పుట్టలేదేమో!

*

గౌరవనీయులైన మెకానిక్‌గారికి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నిన్న మా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా పళ్ళు చేసినాయన్ని ఎవరో ఆఫీసరు కాగితాల మీద రైల్లో బంధించాడని చెప్పాడు. "ఎవడండీ ఆ బుద్ధిలేనివాడు?" అని బోసినోటితో ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగానూ అన్నాను. ఆయన ఒక ఉత్తరం నా చేతిలో పెట్టాడు. కింద సంతకం నాదే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ ఉదయం తొమ్మిదింటికి మిమ్మల్ని రికార్డులో బయటికి దింపేశాను. తప్పంతా నాదేనని డాక్టరుగారికి రాసిచ్చాను, మీ పనికి ఢోకా లేదు. ఈ ఉత్తరం తెచ్చిన మా బంట్రోతు మిమ్మల్ని దగ్గరుండి రైలెక్కిస్తాడు. దయచేసి సీసాతో సహా బయల్దేరండి.

ఇట్లు,
మీ పేషెంటు

తా.క.: రేపు నా పదవీ విరమణ సభ. "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క ప్రయాణికుణ్ణీ ఇబ్బంది పెట్టలేదు" అని ఉపన్యాసంలో రాసుకున్నాను. ఆ వాక్యం కొట్టేశాను. మిగతాదైనా పళ్ళతో చెప్పనివ్వండి.