పేరు పెట్టని రాయి

జూలై 8
పుంగనూరు ఇంట్లో, మంచం మీదే. మదనపల్లె డాక్టరమ్మ మాట — స్నానానికి తప్ప లేవకూడదు. నాలుగో నెల. ఇంతకు ముందు రెండుసార్లూ ఈ నెలలోనే కడుపు పోయింది. స్కూలుకు సెలవు పెట్టాను. ఫ్యాను, దాని పక్కన పెచ్చు ఊడిన చోటు... అవే చూస్తున్నాను.

జూలై 11
మా స్కూల్లోనే ఫిజిక్స్ చెప్పే సరళ వచ్చి లాప్‌టాప్ ఇచ్చిపోయింది. పిల్లలతో కలిసి గ్రహశకలాలు వెతుకుతోంది. ఎక్కడిదో పెద్ద టెలిస్కోపు తీసిన బొమ్మలు వస్తాయట. ఆకాశంలో ఒకే చోటు, కొన్ని నిమిషాల తేడాతో నాలుగు బొమ్మలు. వరసగా తిప్పి చూడాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. రాయి అయితే కదులుతుంది.
"పండుకోనే ఉండావు కదా, నువ్వూ సూడు."

జూలై 15
ఏమీ లేదు. బూడిద రంగు, చుక్కలు. చూస్తూనే నిద్రపోయాను. కలలోనూ అదే బూడిద — చాట నిండా రాగిపిండి పరిచినట్టు.

జూలై 19
కదిలింది.
మసక చుక్క. తిన్నగా, తొందరేమీ లేకుండా. మళ్ళీ తిప్పాను. మళ్ళీ. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు సరళకు ఫోను చేశాను.

జూలై 21
ఆయన కుప్పం నుంచి వచ్చాడు. గ్రానైటు పాలిషింగులో పని, గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లటి పొడి. చుక్క చూపించాను. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే చిన్న రాయి అయి ఉండొచ్చన్నాను. చాలాసేపు చూశాడు. ఏ రంగు రాయి అన్నాడు. తెలియదన్నాను.
"కుప్పం గ్రీను గ్రానైటయితే సెప్పు. క్వారీ లీజు ఎవురిస్తారో కనుక్కుందాం."
నవ్వితే కడుపు అదురుతుందని అత్త ఇద్దరినీ కసిరింది.

జూలై 23
అత్తకు వేరే దిగులు. కుజుడి పక్కన అంటున్నాను కాబట్టి దోషమేమన్నా ఉందా అని. లేదన్నాను. ఎవరి జాతకంలోనూ లేని రాయి.

జూలై 31
నాలుగో నెల దాటింది. ఎవరమూ ఆ మాట అనలేదు. అత్త సంగటి ముద్ద కొంచెం పెద్దది చేసింది.

ఆగస్టు 9
సరళ ఫోను. చుక్కను ఆ బొమ్మలు పంపేవాళ్ళు లెక్కలోకి తీసుకున్నారట. ఖాయం కాదు. వేరే రాత్రుల్లో, వేరేవాళ్ళకూ కనబడాలి. తిరిగే దారి తేలాలి. ఏళ్ళు పడుతుంది. అంతవరకు అంకెలూ అక్షరాలే, పేరుండదు. కొన్ని మళ్ళీ దొరకనే దొరకవట. పిల్లలు అప్పుడే పేర్లు ఆలోచిస్తున్నారని చెప్పింది. వద్దని చెప్పమన్నాను. గొంతు గట్టిగా వచ్చినట్టుంది.

ఆగస్టు 17
రామకుప్పం నుంచి ఆడబిడ్డ ఉయ్యాల గుడ్డ పంపింది. అత్త విప్పను కూడా విప్పకుండా తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చేసింది. వాళ్ళ చేలో ఏనుగులు పడ్డాయట. ఆ సంగతే మాట్లాడుకున్నాం.

ఆగస్టు 26
అత్తకు రాయి పేరు సంగతి చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.
"మంచి పేరు పెట్టబాకండి. మా వానికి ముందర ఇద్దురు పోయినారు. వీణ్ణి దిబ్బ మీద పొర్లించి పెంటప్ప అన్న్యాం. నిలబడినాడు కదా."
పెంటప్ప. పెళ్ళి కార్డులో ఆ పేరు చూసి సరళ నవ్వు ఆపుకోలేకపోయింది. గదిలో ఎవరూ లేనప్పుడు మెల్లగా పలికి చూశాను.

సెప్టెంబరు 3
వాన. మధ్యాహ్నం నిద్ర. కలలో రాయి నెమ్మదిగా తిరుగుతోంది. ఒక పక్క ఎండ, ఒక పక్క చీకటి. చప్పుడు లేదు. దాని మీద వెల్లకిలా పడుకొని ఉన్నాను, లేవకూడదని. ఏది పైనో, ఏది కిందో తెలియదు. భయం కూడా లేదు... లోపల ఎవరో తన్నినట్టయి మెలకువ.
చెయ్యి పెట్టాను. మళ్ళీ తన్నింది.

సెప్టెంబరు 4
తన్నింది.

సెప్టెంబరు 29
రాయి కోసం ఇంకో చోటివాళ్ళు వెతికారట. ఉండాల్సిన చోట లేదు. మసక వల్ల కనబడలేదో, లేక అదసలు... సరళ అక్కడే ఆపింది.
"పోయిందని కాదు. కనపళ్ళేదు, అంతే."
లాప్‌టాప్ మూసి మంచం కింద పెట్టాను.

అక్టోబరు 6
కారులో. రాత వంకర.
నిన్నటి నుంచి కడుపులో కదలిక లేదు. అత్త చల్లటి బెల్లం నీళ్ళు తాగించింది, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. లేదు. ఆయన కుప్పం నుంచి వచ్చి కారు మాట్లాడాడు. మదనపల్లె దారి. ముందు టమాటా లారీలు. ఆయన ఒడిలో నా తల. ప్రతి గతుక్కీ అడుగుతున్నాడు, కదిలిందా అని. కుదుపు బండిదో లోపలిదో తెలియడం లేదన్నాను. రోడ్డు పక్కన ఆపించాడు. ఇంజను కట్టేయించాడు.
అత్త ముందు సీట్లోంచి వెనక్కి వంగి చెయ్యి వేసింది.
"ఏమన్నా ఉండాదామ్మా?"
ఉన్నట్టనిపించింది. చిన్నగా. ఒక్కసారే.
ఇంకోసారి కదులుతుందేమో, బండి అప్పుడే తీయొద్దన్నాను.