పెంటమ్మకు ఇంకో పేరు

ఆదిలాబాద్, నవంబరు 1958
గురువారం రాత్రి

అక్క బిడ్డకు ఇంకా నెల నిండలేదు. ముందు పుట్టిన ఇద్దరూ నెలలోపే పోయారు. అందుకే ఈసారి అవ్వ ఎవరినీ ముద్దుగుందని అననివ్వడం లేదు. పుట్టిన రోజే పాపను చాటలో పెట్టి, పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి తెచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టింది.

మధ్యాహ్నం పాప నిద్రలో నవ్వింది. నలుగురిలో నోరు విప్పని నేను ఉండబట్టలేక మెల్లగా అన్నాను, "పల్క్రిట్యూడ్."

కాన్వెంటులో సిస్టర్ చెప్పిన మాట. ఒంటి అందం అని అర్థం. లాటిన్‌లో పుట్టి, అయిదు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషులోకి వచ్చిందట. ఇప్పుడు పుస్తకాల్లో తప్ప కనిపించదట. అందానికి ఇంత మొరటు మాటా అని ఆ రోజు క్లాసంతా నవ్వాం.

అవ్వ చెవిన పడనే పడింది.

"గదేం మాటనే? తిట్టినట్టున్నది."

"తిట్టే అవ్వా."

"అయితే మల్లొక్కసారి తిట్టు. జర గట్టిగ."

గట్టిగా అన్నాను. మంచంలో అక్క కూడా నవ్వింది, చాలా రోజులకు.

జిన్నింగు మిల్లు చప్పుడు ఇప్పుడే ఆగింది. ఆ ముసలి మాట ఎన్ని సముద్రాలు దాటి, ఎంతమంది అందగత్తెలను చూసి, చివరికి మా అక్క పక్కలోకి వచ్చిందో.

సాయంత్రం నుంచి పాప ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. అవ్వ దిష్టి తీసింది. ఆ మాటకు అర్థం అందమని మాత్రం నేను అవ్వకు చెప్పలేదు.

దిష్టికి ఇంగ్లీషు రాదు కదా. లాటిన్ అసలే రాదు...