గంట తియ్యని సైకిలు

జగ్గయ్యపేట,
బుధవారం, నవంబరు 2007.

శ్రీయుత సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి దివ్య సముఖమునకు, పాత సైకిళ్ళ వ్యాపారి వేములపల్లి భవానీప్రసాద్ వ్రాసుకొను అర్జీ.

విషయం: తమ స్టేషను బెంచీ మీద సోమవారం నుండి కూర్చుని ఉన్న మా తల్లిగారు సత్యనారాయణమ్మను ఇంటికి పంపించుట గురించి.

అయ్యా,

పై విషయమై సవినయముగా మనవి చేయునది ఏమనగా, ఆవిడను తమరు అరెస్టు చేయలేదని నాకు తెలుసు. తమరు వెళ్ళమన్నా ఆవిడే వెళ్ళడం లేదని కూడా తెలుసు. తెలియనిది ఊళ్ళో వాళ్ళకే. గాంధీ బొమ్మ సెంటరు దాటేలోపు "ఏరా ప్రసాదూ, మీ అమ్మని లోపలేశారంటగా?" అని ప్రతివాడూ అడుగుతున్నాడు. కనుక ఈ క్రింది అంశములను పరిశీలించ ప్రార్థన.

1. మాది వత్సవాయి. వ్యవసాయం మానుకుని పేటలో స్థిరపడ్డాము. పల్లెల్లో ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చి, పాత సైకిళ్ళు గొడ్లచావిడిలో మూలపడినందున, సదరు సైకిళ్ళను కొని, తుప్పు గీకి, నూనె పెట్టి, ఫొటో తీసి, గిరీష్ అనే కుర్రాడి నెట్ సెంటరులో కూర్చుని ఇంటర్నెట్టు వేలంలో పెట్టుచున్నాను. వారం పాటు పాట నడుస్తుంది. హెచ్చు పాట పాడినవారికి లారీలో పంపిస్తాను. పట్నం వాళ్ళు వాటిని తొక్కరు. హైదరాబాదులో ఒక హోటలాయన నేను వీరులపాడులో కొన్న సైకిలును గోడకు మేకులు కొట్టి వేలాడదీసి, దాని కింద ఇడ్లీ అమ్ముతున్నాడు. అది వాళ్ళ ఖర్మ, నా వ్యాపారం.

2. రైతుల ఇళ్ళలో ఎద్దునో గేదెనో అమ్మితే పలుపుతాడు విప్పి అట్టిపెట్టుకోవడం ఆచారమని తమకు వేరే చెప్పనక్కరలేదు. గొడ్డుతోపాటు పలుపు కూడా పోతే ఇంటికి కలిసివచ్చే గుణం దాని వెంటే పోతుందంటారు. మా అమ్మ ఈ ఆచారమును సైకిళ్ళకు వర్తింపజేసినది. అమ్ముడైన ప్రతి సైకిలుకూ గంట ఊడదీసి ఇంట్లో దూలానికి కట్టుకుంటుంది. పూనా నుండి ఒక మేడం గారు "ఫొటోలో గంట ఉంది, వచ్చిన బండికి లేదు, ఏమైంది?" అని మెయిలు పంపారు. పలుపు సంగతి ఇంగ్లీషులో ఎలా రాయాలో గిరీష్‌కీ తెలియలేదు, నాకూ తెలియలేదు. "గంట మా అమ్మ దగ్గర క్షేమంగా ఉంది" అని రాశాము. ఆ మేడం గారు వేలం పేజీలో నా పేరు కింద దొంగ అని రాసి పెట్టింది. అప్పటి నుంచి కొత్త గంట బిగించి మరీ పంపుతున్నాను.

3. ఇక అసలు సంగతి. మా నాన్న బసవయ్య గారు పోయిన దగ్గర నుంచి ఆయన సైకిలు వసారాలోనే ఉంది. అమ్మ తొక్కదు, ఎవరినీ తొక్కనివ్వదు. అది పాతకాలపు ఇంగ్లండు సరుకు. అలాంటి వాటికి బొంబాయిలో గిరాకీ ఉందని తెలిసి నా బుద్ధి గడ్డి తిన్నది. అమ్మ వేదాద్రి వెళ్ళిన రోజు చూసి, ఫొటో తీసి వేలంలో పెట్టాను. పాట ఎక్కడికో పోయింది. బొంబాయి ఆయనొకడు పట్టు వదలడం లేదు. అడక్కుండా పెట్టడం తప్పే గానీ, అడిగితే ఒప్పుకుంటుందా అండి? తమరే చెప్పండి.

4. ఆ గిరీష్ నోట్లో నువ్వుగింజ నానదు. బజార్లో అమ్మకు కనబడి, "పిన్నిగారూ, బాబాయి సైకిలు బొంబాయి పోతోందంటగా, కంగ్రాట్స్ అండి!" అన్నాడు. ఆవిడ ఇంటికి వచ్చి మామూలుగానే అన్నం పెట్టింది. నాకు అక్కడే భయమేసింది. ఎలాగూ తెలిసిపోయింది కదా అని, పొద్దున్నే లేచి "అమ్మా, దానికి గంట తియ్యవే" అన్నాను.

"అమ్మిన బండికి కదరా తీసేది. దీన్ని ఎవడమ్మాడు?"

నేను పానా పట్టుకున్నాను. ఆవిడ సైకిలు పట్టుకుంది. నడిపించుకుంటూ తిన్నగా తమ స్టేషనుకు వచ్చి, వేపచెట్టుకు ఆనించి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, కన్నకొడుకు మీద దొంగతనం ఫిర్యాదు ఇచ్చినది. తమరు "కొడుకే కదమ్మా" అంటే, "దొంగలందరూ ఎవరో ఒకరి కొడుకులేగా బాబూ" అన్నదట. ఆ మాట ఇప్పుడు పేటంతా తిరుగుతోంది.

5. సదరు బెంచీ మీద ఆవిడ చేయుచున్న పనులు తమకు తెలిసినవే. కొట్టుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలను, కేసు రాయకముందే ఇద్దరినీ తిట్టి ఇంటికి పంపిస్తున్నది. హెడ్ కానిస్టేబుల్ రత్తయ్య గారికి షుగరుందని ఆయన టీలో పంచదార మానిపించినది. ఆయన నన్ను చూసి, "మీ అమ్మగారిని తీసుకుపోవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతా" అన్నారు. నా భార్య భారతీదేవి రెండు పూటలా క్యారేజీ కట్టుకొచ్చి, అత్తగారితో కలిసి ఆ బెంచీ మీదే తింటోంది. ఇంట్లో నాకు పచ్చడి మెతుకులు. అత్తా కోడళ్ళు ఒకటైన కొంపలో మగవాడి గోడు ఏ సెక్షను కింద వస్తుందో తెలియజేయ ప్రార్థన.

కావున తమరు దయతలచి మా తల్లిగారికి గట్టిగా నచ్చజెప్పి, సైకిలుతో సహా ఇంటికి పంపించి, నేటి రాత్రితో పాట ముగియుచున్నందున రేపు లారీకి వేయుటకు వీలు కల్పించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఇంత కడుపు మండి రాసినదానిలో మర్యాద ఎక్కడైనా తప్పితే మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు, పచ్చడి మెతుకుల మీద బతుకుచున్నవాడు,
వేములపల్లి భవానీప్రసాద్

తా.క.: అయ్యా, పైదంతా పొద్దున రాసింది. మళ్ళీ రాసే టైము లేదు, ఇది మీ స్టేషను గుమ్మంలో నిలబడి రాస్తున్నా. అర్జీ ఇద్దామని వస్తే అమ్మ బెంచీ మీద ఒక్కతే ఉంది. పక్కన కూర్చున్నా. తిడుతుందనుకున్నా, తిట్టలేదు.

"ఎద్దు పోతే పలుపుంచుకున్నాం. బండి పోతే గంటుంచుకున్నాం. మీ నాన్న పోతే నేనేం ఉంచుకున్నారా? ఈ సైకిలేగా. పలుపుని ఎవడన్నా వేలంలో పెడతాడట్రా?" అంది.

నాకు ఏడుపొచ్చిందండి. రత్తయ్య గారు చూశారు కూడా. నెట్ సెంటరుకి పరిగెత్తా. పాట మొదలయ్యాక మధ్యలో ఆపనివ్వదట ఆ కంప్యూటరు. తిరిగొచ్చి, "పోనీ పాట అయ్యాక ఇవ్వనని చెప్పేస్తానే" అన్నా. దానికీ ఒప్పుకోలేదు. "పాట ఖాయమయ్యాక మాట తప్పడం మన ఇంటావంటా లేదు. నువ్వే పాడుకో" అంది.

అప్పటి నుంచి నెట్ సెంటరుకీ ఇక్కడికీ తిరుగుతూ, గిరీష్ పేరు మీద మా నాన్న సైకిలుని నేనే పాడుతున్నా. నేను ఒక మెట్టెక్కితే ఆ బొంబాయి ఆయన రెండెక్కుతున్నాడు. ఇది నేరమో కాదో తమకే తెలియాలి.

కాబట్టి మా అమ్మను ఇప్పుడే ఇంటికి పంపించకండి. పాట తేలేదాకా ఆ బెంచీ మీదే ఉండనివ్వండి. నాకు దక్కితే నేనే వచ్చి తీసుకుపోతా, ఫిర్యాదు కాగితం చింపేయండి. ఆయనకు దక్కితే మాత్రం చింపొద్దు, ఆవిడ పెట్టింది నిజమైన కేసే. ముద్దాయి అన్న చోట నా పేరు రాసుకోండి. తండ్రి పేరు అన్న చోట మాత్రం ఏమీ రాయకండి.