తూర్పు చెక్కకి పెంట

లియుగౌ, హెనాన్
సెప్టెంబరు 22, 1996

ప్రియమైన చున్మియావ్ నాన్నకి,

ప్రియమైన అని రాయకపోతే అది ఉత్తరమే కాదంటుంది నీ కూతురు, అందుకని రాశాను. ఈ నెల నీమీద నాకంత ప్రేమేం లేదు. మొక్కజొన్న కోత మొత్తం నేనూ అదీ కలిసి చేశాం. చిన్నోడు బడి పేరు చెప్పి తప్పించుకున్నాడు. నా నడుము వంగితే లేవనంటోంది, లేస్తే వంగనంటోంది.

ఇక గోధుమ వెయ్యాలి. ఎరువుకి డబ్బు పంపు. ఐదు బస్తాల యూరియా కావాలి. నిరుడు మూడే కదా అని నువ్వక్కడ మొదలుపెట్టేలోపే చెప్తున్నాను, ఈసారి ఐదు. ఎందుకూ ఏమిటీ అని అడక్కు, పొలంలో ఉన్నది నేను.

మొన్న మైకులో ఊరి కమిటీ లెక్కలాయన చెప్పాడు, వచ్చే వేసవిలో గోధుమ కోత అవగానే పొలాల సర్దుబాటట. మూడేళ్ళు ఇట్టే తిరిగొచ్చాయి. ఎప్పటిలాగే తలకో చెక్క పొలం. పిల్ల పెళ్ళయి వెళ్తే పుట్టింటి నుంచి ఒక చెక్క తీసేస్తారు, కోడలొచ్చిన ఇంటికి ఒకటి కలుపుతారు. మన నాలుగు చెక్కల్లో చున్మియావ్‌ది ఇంకెన్నాళ్ళుంటుందో. దానికి ఇరవై నిండాయి.

ఆ మాట గాలిలో ఉండగానే పెళ్ళిళ్ళ పేరమ్మ దిగింది. సంత బజారులో ఎరువుల కొట్టు షాంగ్ వాళ్ళ అబ్బాయట. నాలుగు ఆవిరి రొట్టెలు తిని, రెండు పట్టుకెళ్ళింది. పిల్ల ఏమీ అనలేదు. అది ఏమీ అనకపోతే దాని అర్థమేమిటో నీకు తెలీదు, నాకు తెలుసు.

నడుం పట్టుకునే రాస్తున్న,
యూన్ఫెంగ్


తియాన్‌జిన్
అక్టోబరు 5

యూన్ఫెంగ్‌కి,

డబ్బు పంపాను. మూడు బస్తాలకే పంపాను. ఐదెందుకో ఎంత ఆలోచించినా నాకు బోధపడలేదు. ఇంట్లో రెండు పందులున్నాయి, గుంట నిండా పెంట ఉంది, అయినా ఐదు బస్తాలా? యూరియా బస్తా వంద యువాన్లు. వంద యువాన్లంటే నేనిక్కడ వారం రోజులు ఇటుకలు మోయాలి.

నామాట విని ఇలా చెయ్. పిల్ల పెళ్ళయితే పోయేది తూర్పు చెక్క. పడమర కాలువ ఉంది కాబట్టి కోస్తే తూర్పు వైపే కోస్తారు. పోయే చెక్కకి పెంట వెయ్యకు. యూరియా ఈ పంటతో అయిపోతుంది, పెంట మూడు పంటలదాకా నేలలో ఉంటుంది. ఎవడి గోధుమ కోసమో మన పందులు తిని కూర్చోవాలా? తూర్పుదానికి బస్తాన్నర యూరియా కొట్టి పిండుకోగలిగినంత పిండుకో. పెంటంతా మిగతా మూడింటికీ వెయ్, అప్పుడు వాటికి తలా అర బస్తా చాలు. మొత్తం మూడు బస్తాలు. లెక్క కుదిరిందా?

ఆమాటకొస్తే పెంట కూడా ఊరికే రాదు. గుంట తవ్వి పొలానికి మోసేసరికి పది రోజులు. కూలి రోజుకి పదిహేను చొప్పున కట్టుకుంటే నూటయాభై. అలాంటిది పోయే నేలకి పోస్తే ఇక చెప్పేదేముంది.

తూర్పు చెక్క పోతే ఇంకో సుఖం, మెంగ్ దెషుయ్ పీడ వదులుతుంది. ఏటా పార పట్టుకుని మన గట్టు నరికి తన పొలంలో కలుపుకునే ఆ మహానుభావుడి పక్కన ఇకమీద ఎవరొస్తారో వాళ్ళే పడతారు. ఎనిమిదేళ్ళుగా నేనతని మొహం చూసి మాట్లాడలేదు.

షాంగ్ సంబంధం వదులుకోకు. వియ్యంకుడికి ఎరువుల కొట్టుంటే బస్తా కొన్న ధరకే ఇస్తాడు. బతికున్నంత కాలం ఎరువు కొనక తప్పదు కదా.

ఇట్లు,
బావోషాన్


లియుగౌ
నవంబరు 3

ప్రియమైన లెక్కల మాస్టారికి,

పిల్లనిచ్చి బస్తాలు తెచ్చుకుందామంటావు. బాగుంది. చిన్నోడికి ట్రాక్టరు వాళ్ళ పిల్లని చూద్దాం, దుక్కి కూడా ఊరికే అవుతుంది. డీజిలు కొట్టువాడికి ఎవర్నివ్వాలో అదొక్కటి నువ్వే ఆలోచించి రాయి.

నా కూలి రోజుకి పదిహేను యువాన్లని కట్టావు. చదివి చాలాసేపు నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది. ఎవరిస్తున్నారయ్యా నాకా పదిహేను? నేను పెంట మోయకుండా గడప మీద కూర్చుంటే ఎవరైనా వచ్చి చేతిలో పెడతారా? ఈ నెలల్లో నాకు దొరికే పని ఈ పెంటే. నువ్విస్తానంటే మాత్రం వంటకి, కోతకి, చిన్నోణ్ణి బడికి తరమడానికి కూడా కలిపి పంపు.

పెంట దండగని ఎవడైనా అంటే మెంగ్ పొలం చూపించు. పందుల్ని అమ్మేసిన దగ్గర్నించీ వాళ్ళకి బస్తాలే. మొదట చెక్కకి బస్తా వేశారు, తర్వాత బస్తాన్నర, ఇప్పుడు రెండు. పండేది మాత్రం అంతే. వాన పడితే నేల ఇటుకలా గట్టిపడుతోంది. పెంటా బస్తా కలిపేసిన మన పొలంలో ముప్పావు బస్తాకే అదే పంట వస్తోంది. బస్తా ఒక్కటే అయితే కొట్టువాడికి లాభం, పెంట ఒక్కటే అయితే మొదటేడాది గింజ తగ్గుతుంది. రెండూ కలిస్తేనే మనకి మిగిలేది. ఇది తెలుసుకోవడానికి నాకు కాగితం పెన్సిలు అక్కర్లేకపోయింది.

గోధుమ వేసేశాం. పెంటంతా వేసేశాను, బండి తోయడానికి సాయం కూడా దొరికింది. మొక్కజొన్న అమ్మిన డబ్బుతో ఇంకో రెండు బస్తాలు కొన్నాను. నువ్వు తిట్టుకుంటావని తెలుసు.

షాంగ్ వాళ్ళు పిల్లకి గుడ్డలు పంపారు. పెట్టె మీద పెట్టాను. అది వాటివైపు చూడనైనా చూడదు. ఆ అబ్బాయి దగ్గర అమ్మోనియా కంపట. పెంటగుంటలో దిగి తవ్విన పిల్ల అనే మాటేనా ఇది?

కూలి రాని నీ కూలిమనిషి,
యూన్ఫెంగ్


తియాన్‌జిన్
ఫిబ్రవరి 26, 1997

చున్మియావ్ అమ్మకి,

కొత్త సంవత్సరానికి రాకుండా ఇక్కడ ఖాళీ మేడకి కాపలా కాశాను, రెట్టింపు కూలి కోసం. మీరంతా పిండి వంటలు తింటుంటే నేను సిమెంటు బస్తాల మధ్య పడుకున్నాను. పండక్కి ఊరెళ్ళొచ్చిన మన ఊరి కుర్రాడు పాన్ నిన్న ఏం చెప్పాడో తెలుసా? "అన్నా, వదిన పెంటంతా తూర్పు చెక్కలో పోసింది, నేల నల్లగా మెరిసిపోతోంది" అన్నాడు. పైగా నవ్వుతాడు.

నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? ఉండే మూడు చెక్కలకి వట్టి బస్తాలు, పోయే చెక్కకి బంగారం లాంటి పెంట. ఇప్పుడర్థమైంది ఐదు బస్తాలెందుకో. పరాయివాడికి పొలం తయారుచేసి పెట్టడానికి నేను ఇంకో రెండు వందలు ఖర్చు పెట్టుకున్నాను. పగవాళ్ళు కూడా నాకింత నష్టం చెయ్యరు.

కారణం రాయి. షాంగ్ వాళ్ళకి వసంతంలోపు మాటివ్వు. ఈ ఒక్కటైనా నేను చెప్పినట్టు చెయ్.

బావోషాన్


లియుగౌ
మార్చి 14

ప్రియమైన వాడికి, కోపంగా ఉన్నా సరే,

కారణం కావాలా? తూర్పు చెక్కకి దారి దగ్గర. బండి చక్రం వంకరపోయింది. పడమటి వైపు కాలువ గట్టు జారిపోతోంది. ఇవన్నీ నిజాలే, నీకు నచ్చింది తీసుకో.

మొలిచిన పైరు మీద పైపాటు యూరియా కూడా చల్లేశాను. తూర్పుదానికి దుక్కిలోనూ పైపాటులోనూ కలిపి అర బస్తా. మిగతావాటికి తలా బస్తాన్నర. ఇప్పుడు చూస్తే అవే ఎక్కువ పచ్చగా, గుబురుగా ఉన్నాయి. నీ లెక్కే నెగ్గిందని సంతోషించు. పచ్చదనాన్ని చూసి మోసపోయే వయసు నాకు దాటింది.

షాంగ్ వాళ్ళ గుడ్డలు తిప్పి పంపించేశాను. పేరమ్మ వీధిలో నిలబడి నానా మాటలూ అంది. రెండు రొట్టెలు చేతిలో పెట్టాక కాస్త తగ్గింది.

ఇంతకంటే కాగితం మీద అడక్కు. కోతకి రా. పొలంలో నిలబెట్టి అన్నీ చెప్తాను. నువ్వు అరవొచ్చు, అక్కడ వినేవాళ్ళెవరూ ఉండరు.

యూన్ఫెంగ్


తియాన్‌జిన్
మే 25

యూన్ఫెంగ్‌కి,

కోతకి రావడం కుదరదు. స్లాబు వేస్తున్నారు, ఇప్పుడు వెళ్ళినవాడికి ఆరు నెలల కూలి ఆపేస్తానని మేస్త్రీ తెగేసి చెప్పాడు. కోత యంత్రానికి డబ్బు పంపాను.

బంగారం లాంటి సంబంధం చెడగొట్టావు. ఎందుకో చెప్పవు. ఎక్కడో ఉండి డబ్బు పంపేవాడికి ఇంట్లో ఇంతేనా విలువ? పిల్ల విషయంలో నాకు చెప్పకుండా ఇంకేమీ చెయ్యకు.

బావోషాన్


లియుగౌ
జూన్ 15

ప్రియమైన చున్మియావ్ నాన్నకి,

నీ ఉత్తరం అందింది. అందేసరికే చేసేశాను. కూర్చుని చదువు.

కోతకి పది రోజుల ముందు రాత్రంతా వాన, తెల్లారి గాలి. పొలానికెళ్ళి చూస్తే మెంగ్ వాళ్ళ పైరు మొత్తం పడుకుంది. వట్టి యూరియా తాగి పెరిగిన మన మూడు చెక్కల్లోనూ సగం పడింది. తూర్పు చెక్క మాత్రం నిలబడే ఉంది. దెషుయ్ గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "వదినా, ఈ చెక్కకేం వేశారు?" అని అడిగాడు. ఎనిమిదేళ్ళ తర్వాత మన ఇంటి మనిషితో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"మీ వాణ్ణే అడుగు, బండి తోసింది వాడే" అన్నాను.

అవును. శరత్కాలంలో నాతో పెంట బండి తోసింది వాళ్ళబ్బాయి యోంగ్. వాళ్ళ నాన్నకి కనబడకుండా తెల్లవారకముందే వచ్చేవాడు. చున్మియావ్ వాణ్ణి తప్ప ఎవర్నీ చేసుకోనని నాకు నిరుడే చెప్పేసింది. నీకు చెప్తే ఏమయ్యేదో మా ముగ్గురికీ తెలుసు. రైలెక్కి వచ్చి, గట్టు గొడవంతా మళ్ళీ తవ్వి, పిల్లని ఎరువుల కొట్లో కూర్చోబెట్టేవాడివి.

పదో తారీకున ఇద్దరూ ఆఫీసుకెళ్ళి పెళ్ళి నమోదు చేయించుకుని కాగితం తీసుకున్నారు. ఆగలేకపోయాం. ఆ కాగితం లేకపోతే ఈ సర్దుబాటులో వాళ్ళింటికి చెక్క రాదు, మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. విందు చెయ్యలేదు. అది నువ్వొచ్చాకే. నువ్వు లేకుండా నా కూతుర్ని గడప దాటించను, ఇప్పటికీ మనింట్లోనే పడుకుంటోంది.

నిన్న కొలతలు వేశారు. మన ఇంట్లోంచి ఒక చెక్క తీశారు, మెంగ్ ఇంటికి ఒకటి కలిపారు. పక్కనే ఉంది కాబట్టి తూర్పు చెక్కే అటు వెళ్ళింది. ఇప్పుడు చెప్పు, పరాయివాళ్ళకా నేను పెంట మోసింది?

షాంగ్ కొట్టుతో పోటీపడి పిల్లకి ఇవ్వడానికి మన దగ్గరేముంది? పెంట ఉంది. ఇచ్చాను. చచ్చిన నేల ఉన్న ఇంటికి వెళ్తోంది అది, ఒక్క చెక్కైనా ప్రాణమున్నది వెంట తీసుకెళ్ళాలనిపించింది. దెషుయ్‌తో అప్పుడే చెప్పేసింది, "మామయ్యా, నాకు పెట్టే బీరువా తర్వాత, ముందు పందిదొడ్డి కట్టండి" అని. అతను వెళ్ళి రెండు పిల్లపందులు బేరమాడి వచ్చాడు.

నీ పాత గట్టుకి ఇప్పుడు అటూ ఇటూ వాళ్ళ పొలమే. ఇక దాంతో పనిలేదని ఈరోజు దున్నేశారు. నాగలి పట్టింది చున్మియావ్. మన మూడు చెక్కలకీ వాళ్ళకీ మధ్య కొత్త గట్టు వెయ్యాలి, ప్రస్తుతానికి మేకులు పాతి తాడు కట్టారు.

చెప్పకుండా చేశాను. తిట్టు. కానీ ఉత్తరం రాయడం మానకు.

నీ యూన్ఫెంగ్


తియాన్‌జిన్
జూన్ 27

యూన్ఫెంగ్‌కి,

నీ ఉత్తరం చదివాను. ఏమైందన్నా అని పాన్ అడిగితే కసిరాను. నాకు చెప్పలేదని బాధగా ఉంది. చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, అదీ నిజమే. ఈ రెండూ కలిపి మింగలేకపోతున్నాను.

ఊరంతటిలో ఆ దెషుయ్ తప్ప వియ్యంకుడే దొరకలేదా దానికి? ఇప్పుడు షాంగ్ మనకి బస్తా పది యువాన్లు ఎక్కువేసి అమ్ముతాడు, చూస్తూ ఉండు. వచ్చే ఏడాది మన మూడు చెక్కలకీ పెంట వెయ్యకపోతే మాత్రం ఊరుకోను.

లెక్క మళ్ళీ వేశాను. నీ పది రోజుల కూలి నష్టంలోంచి తీసేశాను. పెంట ఇంకో రెండు పంటలు పనిచేస్తుంది, అది మన పిల్ల ఇంటికే కాబట్టి అది కూడా తీసేశాను. ఆ రెండు బస్తాల ఖర్చు మాత్రం అలాగే ఉంది. దాన్ని విందు ఖర్చులో కలిపేస్తున్నాను. ఆ అల్లుడికి చెప్పు, నిలబడిన పైరు చూసి మురిసిపోయి వాళ్ళ నాన్న తూర్పు చెక్కకి రెండు బస్తాల యూరియా గుమ్మరిస్తే ఊరుకోవద్దని. అర బస్తా చాలు. అంతకుమించితే నీ కష్టమంతా బూడిదైపోతుంది.

స్లాబు అయిపోయింది. వచ్చే నెల ఐదున బయల్దేరుతున్నాను. విందుకి పందిని ఇప్పుడే మేపడం మొదలుపెట్టు.

కొత్త గట్టు ఎవరూ ముట్టుకోవద్దు, తాడు అలాగే ఉంచండి. దాన్ని నేనొచ్చి నా చేత్తో వేస్తాను. మన వైపు నుంచి అడుగు మట్టి ఎక్కువ తీసి వెడల్పుగా వేస్తాను. దెషుయ్ పార ఊరుకోదు, ఏటా నరుకుతాడు. నరుక్కోనీ. పోయేది నా కూతురి పొలంలోకే కదా.

బావోషాన్